సెలవు అడగకుండానే రాజీనామా ఎందుకమ్మా?

ప్రశ్న: మా అమ్మాయి పీహెచ్‌డీ చేసి, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రెండేళ్లుగా కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తోంది. ఇప్పుడు నాలుగో నెల, తొలి కాన్పు. కాంట్రాక్టు వాళ్లకు జీతంతో సెలవు ఉండదని, అడిగితే రెన్యువల్ చేయరని అంటున్నారట. ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఎక్కువ ప్యాకేజీ ఇస్తానంటోంది. అక్కడ చేర్పించమంటారా, రాజీనామా చేయించి ఇంట్లో ఉంచుకోమంటారా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దమ్మా. ఆమె ఎవరిని అడిగింది, వాళ్లు కాగితం మీద ఏమిచ్చారు? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఎవరో అన్నారని ఉద్యోగం వదిలేస్తారా? పైగా పాఠాలు చెప్పే మనిషి ఉద్యోగాన్ని మీరు ఇంట్లో కూర్చుని తేల్చేస్తున్నారు. ముందు ఆమెనే అడగండి.

ప్రసూతి ప్రయోజనానికి పర్మనెంట్ ఉద్యోగమే ఉండాలన్న షరతు లేదు. మస్టర్ రోల్ మీద పనిచేసే దినకూలీ మహిళలకు కూడా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించారు. అవే హక్కులు ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి. డాక్టరు చెప్పిన కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ సంస్థలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, 26 వారాలు జీతంతో సెలవు వస్తుంది. అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడుకోకూడదు. రెండు వారాలే వాడుకుంటే మిగిలిన 24 వారాలు బిడ్డతో గడపవచ్చు. సెలవుకు ముందు మూడు నెలల వేతన సగటును బట్టి డబ్బు కడతారు. సంస్థ ఉచిత వైద్యం అందించకపోతే రూ. 3,500 మెడికల్ బోనస్ కూడా ఇవ్వాలి. గర్భం నిలవకపోతే ఆరు వారాలు, కాన్పు వల్ల జబ్బు చేస్తే అదనంగా ఒక నెల ఉన్నాయి.

చాలామందికి చట్టంలో లోటు వల్ల కాదు, కాగితం లేక డబ్బు ఆగిపోతుంది. హెచ్‌ఓడీ (శాఖాధిపతి) నోటిమాటగా ‘వెళ్లి రామ్మా’ అంటారు, హాజరు పట్టీలో ఆబ్సెంట్ పడుతుంది, బిల్లు చేసే సెక్షన్‌లో జీతం కోసేస్తారు. అందుకే దరఖాస్తులో కాన్పు తేదీ, సెలవు మొదలయ్యే తేదీ, డబ్బు ఎవరికి చెల్లించాలో, సెలవులో మరెక్కడా పనిచేయనన్న హామీ రాయాలి. డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, హెచ్‌ఓడీ ద్వారా రిజిస్ట్రార్‌కు పంపి, తన కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, అంటే దరఖాస్తు అందినట్టు ఆఫీసు వేసే నంబరు, వేయించుకోవాలి. సెలవు మంజూరు ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు) అకౌంట్స్ సెక్షన్‌కు చేరిందో లేదో కనుక్కోవాలి. మరెక్కడా పనిచేయనన్న ఆ హామీ ఉత్తుత్తిది కాదు. సెలవులో ఉండి వేరే కాలేజీకి ఆన్‌లైన్ క్లాసులు చెబితే ఆ కాలపు డబ్బు పోతుంది.

రెన్యువల్ భయం పూర్తిగా ఉత్తదని అనను. గడువు సెలవు మధ్యలో ముగిసినా, అర్హత ఉంటే మొత్తం 26 వారాల డబ్బూ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. అయితే అది డబ్బుకు భరోసా, తర్వాతి కాంట్రాక్టుకు కాదు. సెలవులో ఉందన్న కారణంతో తీసేయడం మాత్రం చట్టవిరుద్ధం. అప్పుడు ఆ ఇన్‌వర్డ్ నంబరే ఆధారమవుతుంది. రాజీనామా ఇచ్చేశాక పోరాడటానికి ఏమీ మిగలదు.

ఇక ఆ ప్యాకేజీ. ఈమధ్య అందరూ దానివెంటే పరుగెడుతున్నారు కానీ, నాకు అనుమానాలే ఎక్కువ. పాత చోట చేసిన రోజులు కొత్త చోట లెక్కకు రావు. నోటీసు గడువు పూర్తిచేసి అయిదో నెల చివర్లో చేరితే, 80 రోజులు నిండేసరికి ఎనిమిదో నెల దాటిపోతుంది. మధ్యలో డాక్టరు బెడ్‌రెస్ట్ అన్నారంటే మొత్తం సెలవు జీతమే గల్లంతు. కాంట్రాక్టు ఎన్ని నెలలకు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటారా, ప్యాకేజీలో ప్రతి నెలా చేతికొచ్చేదెంత? వీటికి రాతపూర్వకంగా జవాబివ్వని చోటికి ఈ స్థితిలో ఎవరినీ పంపను. కాన్పయ్యాక, తిరిగి చేరాక, అప్పటికీ మనసుంటే మారవచ్చు.

రెగ్యులర్ పోస్టు మీద ఆశ ఉంటే అదీ వదలక్కర్లేదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో రెగ్యులర్ అధ్యాపకురాలికి సర్వీసులో రెండుసార్లు 180 రోజుల పూర్తి జీతపు సెలవు ఉంది. పదోన్నతి మదింపులో ఆ సెలవు కాలాన్ని పక్కనపెట్టి మిగిలిన కాలానికే లెక్క వేస్తారు. ఈ వారమే చేయాల్సింది మాత్రం దరఖాస్తు. రాయాల్సింది ఆమె, మీరు కాదు.