రెసిడెన్సీలో నెల రోజులు ఆఫ్రికా ఆసుపత్రికి: ఎంజీఎం అనుభవం సరిపోతుందా?

వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ (కేఎంసీ)లో చదివి, అక్కడి ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్ సర్జన్సీ చేసి, ఇప్పుడు అమెరికాలో పీడియాట్రిక్స్ (పిల్లల వైద్యం) రెసిడెన్సీలో, అంటే స్పెషలిస్టు శిక్షణలో ఉన్నాను, ఎలెక్టివ్ (మనమే ఎంచుకునే శిక్షణ విడత) కింద ఒక నెల ఆఫ్రికా వెళ్తే నాకు కొత్తేముంటుంది అని అడిగారు. నేనూ సరిగ్గా ఇదే అనుకుని వెళ్ళాను. నాదీ వరంగల్లే, పీడియాట్రిక్సే.

ఉగాండాలో ఒక జిల్లా ఆసుపత్రి. మూడో రోజు రాత్రి రెండేళ్ళ పాపను తెచ్చారు, ఒళ్ళు కాలిపోతోంది, కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి, మలేరియా పాజిటివ్. షాక్ (రక్తప్రసరణ పడిపోవడం) అనుకుని కిలోకు 20 ఎంఎల్ లెక్కన సెలైన్ గబగబా ఎక్కించబోయాను, అమెరికాలో చేతికి అలవాటైపోయిన పని. అక్కడి మెడికల్ ఆఫీసర్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. 2011 నాటి ఫీస్ట్ ట్రయల్ అనే పరిశోధన ఉగాండా, కెన్యా, టాంజానియా పిల్లల మీద చేసిందే కదా. అలాంటి పిల్లల్లో సెలైన్ బోలస్ (ఇలా గబగబా ఎక్కించే మోతాదు) ఇచ్చినవాళ్ళు 48 గంటల్లో 10.5 శాతం మంది చనిపోతే, ఇవ్వనివాళ్ళలో 7.3 శాతమే. నేను చదివిందే, కానీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఆయన మలేరియా మందు ఆర్టిసునేట్ మొదలుపెట్టి, హిమోగ్లోబిన్ చూసి రక్తం కోసం మనిషిని పంపాడు. పాప బతికింది. అందుకే చెప్తున్నా, వాళ్ళ చేతి కింద పనిచేయడానికైతేనే వెళ్ళండి.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎంజీఎంలో మందు లేకపోయినా మాట ఉండేది. ములుగు నుంచి వచ్చిన తల్లి "పొల్ల పొద్దటి సంది పాలు తాగుతలేదు సారూ" అంటే నాకు అర్థమయ్యేది. అక్కడ ప్రతి తల్లితో మాట్లాడటానికి ఒక నర్సు నా పక్కన నిలబడాల్సి వచ్చింది, వార్డంతటికీ ఉన్నదే ఇద్దరు నర్సులు. రెండో వారం నుంచి పద్ధతి మార్చుకున్నాను. మీకేం పని మిగిలిపోతోందని వాళ్ళనే అడిగి, రాత్రిపూట ఆక్సిజన్ మీదున్న పిల్లల సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూసి రాసే పని తీసుకున్నాను.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోండి, ఆ కార్డు లేకుండా అక్కడి నుంచి నేరుగా ఇండియాకు వస్తే క్వారంటైన్‌లో పెడతారు. సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి, వెంట తీసుకెళ్ళండి. మీ మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు పడితే ఆదుకునే బీమా) అక్కడ పనిచేస్తుందో లేదో ప్రోగ్రాం ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. అన్నిటికంటే ముందు, జ్వరం ఎప్పటి నుంచి, పాలు తాగుతోందా, మూత్రం పోస్తోందా, ఈ మూడు ప్రశ్నలూ ఆ ఊరి భాషలో అడగడం నేర్చుకోండి.