కాలేజీ హీరో ఎన్‌బీఏలో ఎందుకు తేలిపోతాడు?

ముందే చెప్పేస్తున్నా, నేను బాస్కెట్‌బాల్ కోచ్‌ని కాదు, చెప్పుకోదగ్గ టీము దేనికీ ఆడలేదు. ఆదివారం పొద్దున మోకాలికి పట్టీ కట్టుకుని సిమెంటు కోర్టులో ఆయాసపడే బ్యాచిలో ఒకణ్ణి. మిగతా రోజుల్లో తెల్లారుజామున మ్యాచ్ చూసి ఆఫీసు క్యాబ్‌లో కునుకు తీస్తుంటాను. కాబట్టి కింద రాసినవి అభిమాని మాటలుగానే తీసుకోండి, తప్పుంటే తిట్టండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉండే మా బావకీ నాకూ ఫోన్‌లో ఎప్పుడూ ఇదే గొడవ. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో మ్యాచ్‌కి ముప్ఫై పాయింట్ల దాకా కొట్టినవాడు ఎన్‌బీఏకి, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్ళి బెంచీ మీద కూర్చుంటాడేంటి? అంతా అదృష్టం అంటాడు బావ. నిజమేనా? — ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: అదృష్టం వాటా కొంత ఉంటుంది తమ్ముడూ, కానీ మీ బావ అనుకున్నంత కాదు. ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూద్దాం. 2008-09లో డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీకి ఆడిన స్టెఫెన్ కరీ సగటు 28.6 పాయింట్లు, దేశంలో మొదటి స్థానం. రెండేళ్ళ తర్వాత, 2010-11లో, బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ కుర్రాడు జిమ్మర్ ఫ్రెడెట్ సగటు 28.9, అతనిదీ దేశంలో మొదటి స్థానమే. కరీని డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేచోట, ఏడో నంబరుకి తీసుకున్నారు, ఫ్రెడెట్‌ని పదో నంబరుకి. కాగితం మీద కవల పిల్లల్లా ఉన్నారు కదా, ఆ తర్వాత ఒకడు ఆట రూపమే మార్చేశాడు, రెండోవాడు ఎన్‌బీఏలో టీములు మారుతూ మారుతూ చివరికి చైనా లీగ్‌కి వెళ్ళి అక్కడ ఒక మ్యాచ్‌లో 73 కొట్టాడు. అంటే షాట్ ఎక్కడికీ పోలేదన్నమాట.

మరి ఏం పోయింది? నా లెక్కలో మొదటిది డిఫెన్స్. మన గల్లీ క్రికెట్‌లో చేతులు సరిగ్గా పెట్టలేనివాడు ఎటు నిలబడితే బంతి అటే వెళ్తుంది చూడండి, కొట్టేవాడు వాణ్ణి చూసే కొడతాడు. ఎన్‌బీఏలోనూ అదే పని, కాకపోతే పద్ధతిగా చేస్తారు. బలహీనంగా కాసేవాడు ఎవరి మీద ఉన్నాడో చూసుకుని, ఆ ఆటగాణ్ణే స్క్రీన్ పెట్టడానికి (బంతి ఉన్నవాణ్ణి కాసేవాడి దారికి అడ్డంగా నిలబడడానికి) పిలుస్తారు, దాంతో వీడు తప్పనిసరిగా వచ్చి బంతి ఉన్నవాడి ముందు ఒంటరిగా నిలబడాల్సి వస్తుంది. ఒకసారి దొరికిపోతే మ్యాచ్ అంతా వాణ్ణే పిలుస్తారు. కాలేజీలో జోన్ డిఫెన్స్ (మనిషిని కాకుండా తలా ఒక చోటుని కాయడం) వేసి, వెనక ఓ పొడుగువాణ్ణి బుట్ట కిందే నిలబెట్టి ఈ లోపాన్ని కప్పేయొచ్చు. ఎన్‌బీఏలో ఎవరినీ కాయకుండా ఊరికే బుట్ట కింద మూడు సెకన్లకి మించి నిలబడకూడదు, విజిల్ పడుతుంది. కప్పడానికి దుప్పటి చిన్నదైపోతుంది.

రెండోది నేను మా కోర్టులో కళ్ళారా చూశాను. కొన్నాళ్ళ క్రితం ఒక కుర్రాడు వచ్చాడు. వార్మప్‌లో ఎక్కణ్ణుంచి వేసినా పడుతోంది, మేమంతా వాణ్ణి మా టీములో వేసుకోవాలని కొట్టుకున్నాం. ఆట మొదలయ్యాక ఒక్కటీ పడలేదు. గమనిస్తే, పాస్ అందుకోగానే బంతిని నడుము దాకా దించి, ఓసారి సర్దుకుని, అప్పుడు పైకి తీసుకెళ్తున్నాడు. ఆ దించి ఎత్తే సమయంలో, పొట్ట వేసుకుని నాలాంటివాడు కూడా రెండడుగులు వేసి చెయ్యి అడ్డం పెట్టేస్తాడు. కరీ బంతి అందుకునే పద్ధతి చూడండి, పట్టుకోవడమూ పైకి లేపడమూ ఒకటే కదలికలా ఉంటుంది. షాట్ క్లాక్, అంటే షాట్ వేయడానికి ఇచ్చే గడువు, కాలేజీలో 30 సెకన్లు, ఎన్‌బీఏలో 24. మూడు పాయింట్ల గీత బుట్ట నుంచి కాలేజీలో సుమారు 6.75 మీటర్లు, ఎన్‌బీఏలో ఎదురుగా 7.24. ఈ అర మీటరు, ఆ ఆరు సెకన్లు విడివిడిగా పెద్దవేం కావు, మీదికొచ్చే చెయ్యి కూడా పొడుగైనప్పుడే అసలు కష్టం.

ఇంకొకటి కూడా ఉంది. 2008 కాలేజీ టోర్నమెంటులో కాన్సస్ టీము మీద రెండు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు చివరి బంతి కరీ చేతిలోనే ఉంది. ఇద్దరు మీదికొచ్చారు. బలవంతంగా వేయకుండా ఖాళీగా ఉన్న స్నేహితుడికి ఇచ్చాడు. అది పడలేదు, 59-57తో ఓడిపోయారు. ఓడిన మ్యాచే గానీ, ఆ పాస్ చూసినవాళ్ళకి ఈ కుర్రాడు పైన నిలబడగలడని అనిపించి ఉండాలి. ఇదంతా ఇవాళ కూర్చుని చెప్పడం తేలికేననుకోండి.

ప్రశ్న: పాయింట్ల సగటు చూడొద్దంటారు మీలాంటివాళ్ళు. మరేం చూడాలి? లెక్కలంటే నాకు భయం, తేలిగ్గా చెప్పండి. — గృహిణి, మారేడ్‌పల్లి

జవాబు: ఒక్క లెక్క చాలమ్మా, కూరగాయల బేరం కంటే తేలిక. ఎన్ని షాట్లు వేశాడో దానికి, ఫ్రీ త్రోలని (ఫౌల్ జరిగినప్పుడు ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లని) 0.44తో హెచ్చవేసి కలపండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దాంతో పాయింట్లని భాగించి, వందతో హెచ్చవేయండి. 24 పాయింట్లు కొట్టిన ఇద్దర్ని తీసుకుందాం. ఒకడు 20 షాట్లు, 6 ఫ్రీ త్రోలు వాడాడు, అతనికి 53 శాతం వస్తుంది. రెండోవాడు 13 షాట్లు, 8 ఫ్రీ త్రోలతో అదే 24 తెచ్చాడు, అతనిది దాదాపు 73. పేపర్లో ఇద్దరికీ 24 అనే వేస్తారు. 0.44 ఏమిటంటారా, ఫ్రీ త్రోలు మామూలుగా జంటగా వస్తాయి కాబట్టి ఒక్కోటి సగం అవకాశం కింద లెక్క, బుట్టలో పడ్డాక అదనంగా వచ్చే ఒంటి త్రోల వల్ల ఆ సగం ఇంకాస్త తగ్గుతుంది. ఇంకో సంగతి, కాలేజీ అబ్బాయిల మ్యాచ్ 40 నిమిషాలు, ఎన్‌బీఏది 48. రెండు చోట్లా 20 కొట్టినా ఒకటే కాదు.

ప్రశ్న: మార్చిలో జరిగే కాలేజీ టోర్నమెంటులో అనామక టీములు పెద్దవాళ్ళని పడగొడుతుంటాయి. ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో అంతగా కనిపించదెందుకు? — బ్యాంకు ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అక్కడ 68 టీములు, ఓడితే ఇంటికే. ఎన్‌బీఏలో ఏడు మ్యాచ్‌ల సిరీస్, నాలుగు గెలవాలి. చిన్న టీముకి ఒక రాత్రి మూడు పాయింట్ల షాట్లన్నీ పడిపోవచ్చు, నాలుగు రాత్రులు పడవు, పైగా రెండో మ్యాచ్‌కల్లా ఎదుటి కోచ్ వీడియో చూసి మందు కనిపెట్టేస్తాడు. 2018లో యూఎంబీసీ అనే పదహారో సీడ్ (అంటే అట్టడుగు ర్యాంకు) టీము ఒకటో సీడ్ వర్జీనియాని 74-54తో ఓడించింది. అబ్బాయిల టోర్నమెంటులో అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. ఆ వర్జీనియానే మరుసటి ఏడాది కప్పు గెలిచింది. నాకు సరదా కావాలంటే కాలేజీ ఆట, ఎవడు గొప్పోడో తేలాలంటే సిరీస్.

ప్రశ్న: మనవాళ్ళెవరైనా ఎన్‌బీఏ దాకా వెళ్ళారా? — చాదర్‌ఘాట్

జవాబు: 2015లో పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని డల్లాస్ టీము డ్రాఫ్ట్‌లో 52వ నంబరుకి తీసుకుంది. లీగ్ మ్యాచ్ మాత్రం ఆడే అవకాశం రాలేదు. తెలుగువాళ్ళ సంగతంటారా, మా బ్యాచిని చూస్తే ఆశ కలగదు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ కాలేజీ టీముకి ఆడుతుంది, ఐదడుగుల నాలుగంగుళాలు. దూరం నుంచి వేయొద్దు, దగ్గరికెళ్ళి వెయ్యమని కోచ్ అంటారట. రాత్రి ఇంటికొచ్చి ఏడుస్తుంది. ఏం చెప్పను? — ఒక తండ్రి, సైనిక్‌పురి

జవాబు: సార్, ఐదడుగుల నాలుగంగుళాల పిల్లని బుట్ట కిందికెళ్ళి వెయ్యమంటే ఏడవక ఏం చేస్తుంది. కోచ్‌గారితో గొడవ మాత్రం పెట్టుకోకండి, ఆయన రోజూ చూస్తారు, నేను చూడలేదు. ముందు ఆమె ఏ బంతితో ప్రాక్టీస్ చేస్తోందో చూడండి. అమ్మాయిలది ఆరో నంబరు బంతి, చాలా ఇళ్ళలో అన్నయ్య కొన్న ఏడో నంబరుదే తిరుగుతుంటుంది, దాంతో అలవాటైతే చెయ్యి పాడవుతుంది. తర్వాత కోర్టుకి ఒక టేపు పట్టుకెళ్ళండి. మేం ఆడే కోర్టుకి ఇంకా 2010కి ముందటి 6.25 మీటర్ల గీతే ఉంది, ఇప్పుడుండాల్సింది 6.75. దగ్గరి గీత మీద పడ్డవి మ్యాచ్‌లో రింగుకి తగిలి ఎందుకు వచ్చేస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

కెయిట్లిన్ క్లార్క్ గురించి కూడా చెప్పండి. కాలేజీలో 3,951 పాయింట్లతో రికార్డు సృష్టించిన అమ్మాయి, 2024లో మొదటి ప్రొఫెషనల్ మ్యాచ్‌లో పదిసార్లు బంతి పోగొట్టుకుంది. అదే సీజన్ ముగిసేసరికి 337 అసిస్టులతో (పాస్ ఇచ్చి పక్కవాళ్ళతో బుట్టలో వేయించడం) లీగ్ రికార్డు కొట్టింది. మీ అమ్మాయి పాస్ ఎలా ఇస్తుందో మీరు రాయలేదు, వచ్చే ఉత్తరంలో రాయండి.