డాక్టర్ సలహా: నల్లులు పోవాలంటే గదిలో గోళీలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. నా వయసు 38. ఉగాదికి మా అబ్బాయి బెంగళూరు పీజీ నుంచి వచ్చి వారం ఉండి వెళ్ళాడు. తర్వాత కొన్నాళ్ళకు నాకు, ఆరేళ్ళ మా పాపకు చేతుల మీద, మెడ మీద దురద, ఎర్రటి దద్దుర్లు మొదలయ్యాయి. మావారూ అదే మంచం మీద పడుకుంటారు కానీ ఆయనకు ఏమీ లేదు. గజ్జి అయి ఉంటుందని మెడికల్ షాపులో ఇచ్చిన లోషన్ రెండుసార్లు పూసుకున్నాం, తగ్గలేదు. మొన్న దుప్పటి మారుస్తుంటే పరుపు అంచున నల్లులు కనిపించాయి. స్ప్రే కొట్టాం, మళ్ళీ వచ్చాయి. ఇప్పుడు అందరం హాల్లో చాపలు వేసుకుని పడుకుంటున్నాం. విత్తనపు శెనక్కాయల్లో పెట్టే గోళీలు గదిలో పెట్టి ఒక రాత్రి తలుపులు మూసేస్తే ఒక్కటి కూడా మిగలదని బంధువులు చెబుతున్నారు. పెట్టొచ్చా? నల్లుల వల్ల పాపకు ఏమైనా రోగాలు వస్తాయా? ఇంట్లో నల్లులున్నాయని ఎవరికైనా చెప్పుకోవాలన్నా సిగ్గుగా ఉంది.
- ఓ పాఠకురాలు

సలహా: అమ్మా, ముందుగా ఆ గోళీల సంగతి. పెట్టొద్దు. మంచం కింద ఒక్కటి కూడా, ఒక్క గంట కూడా పెట్టొద్దు. మిగతా ప్రశ్నలకు నిదానంగా జవాబు చెప్పుకోవచ్చు, దీనికి మాత్రం ఆలస్యం కుదరదు.

అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. గోదాముల్లో ధాన్యం బస్తాల మీద గాలి చొరకుండా పట్టాలు కప్పి, శిక్షణ ఉన్నవాళ్ళు వాడాల్సిన మందు అది. మామూలు జనానికి అమ్మకూడదనే నిబంధన ఉన్నా పల్లెల్లో, టౌన్లలో చేతికి దొరుకుతూనే ఉంది. గది తలుపు మూశాం కదా అనుకుంటారు. తలుపు కింద సందు, కిటికీ రెక్కల మధ్య ఖాళీ, గోడలో వైర్ల కోసం వేసిన పైపు, వీటన్నిటి గుండా ఆ వాయువు మీరు పడుకున్న హాల్లోకీ, పక్క పోర్షన్‌లోకీ వస్తుంది. పక్క గదిలో నిద్రపోయినవాళ్ళు తెల్లారేసరికి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు మన దేశంలో జరిగాయి, అందులో చిన్నపిల్లలూ ఉన్నారు. ఇంకో మాట, ఈ విషానికి విరుగుడు మందంటూ లేదు. ఆస్పత్రిలో ఊపిరికి, గుండెకు ఆసరా ఇస్తూ కాపాడే ప్రయత్నం చేస్తాం, అంతే.

ఒకవేళ ఈ జవాబు చదివేలోపే పెట్టేసి ఉంటే అందరూ వెంటనే బయటికి రండి. పక్క పోర్షన్ వాళ్ళనీ లేపి బయటికి తీసుకురండి. ఆ గదిలోకి వెళ్ళి గోళీలు ఏరే పని చెయ్యొద్దు. వాటి మీద నీళ్ళు అస్సలు పోయొద్దు, పోస్తే వాయువు ఇంకా ఎక్కువ వస్తుంది. వాంతులు, కడుపునొప్పి, ఛాతీ పట్టేసినట్టుండటం, ఆయాసం, కళ్ళు తిరగడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేసి ఏ గోళీ పెట్టారో చెప్పండి. చెబితే తిడతారని దాచొద్దు. ఇంకా ప్యాకెట్ విప్పకపోతే అలాగే కొన్న దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.

పొలానికి కొట్టే మందులకూ ఇదే మాట. మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి మంచానికి పూసేవాళ్ళు, పరుపు మీద చల్లేవాళ్ళు మన జిల్లాలో తక్కువేం కాదు. ఆ పరుపు మీదే రాత్రంతా ముఖం ఆనించి పడుకుంటారు. ఆ మందు చర్మం గుండా, ఊపిరి గుండా ఒంట్లోకి పోతుంది. పెద్దవాళ్ళకంటే పిల్లలకు దాని దెబ్బ ఎక్కువ. గతంలో ఇళ్ళలో తెగ వాడిన డైక్లోర్వాస్‌ను మన ప్రభుత్వం 2020 చివరి నుంచి నిషేధించింది కూడా. పాత సీసా ఎక్కడైనా అటక మీద ఉంటే వాడొద్దు. కిరోసిన్ చల్లడం వల్ల నల్లులు పోవడం అటుంచి ఇల్లు అంటుకుంటుంది.

ఇప్పుడు పాప విషయం. టెన్షన్ పడకండి. నల్లులు రక్తం తాగుతాయి కాబట్టి ఒకరి జబ్బు ఇంకొకరికి అంటిస్తాయేమోనని చాలామంది భయపడతారు. ఎయిడ్స్, కామెర్లు వస్తాయా అని కూడా అడుగుతారు. నల్లి కాటు వల్ల మనుషులకు అలాంటి జబ్బులు సోకినట్టు రుజువు లేదు. దాని వల్ల వచ్చే బాధలు వేరు. దురద, గోకిన చోట పుండు పడి చీము పట్టడం, నిద్ర లేకపోవడం. విపరీతంగా పెరిగిపోయి నెలల తరబడి కుడితే పసిపిల్లల్లో, ముసలివాళ్ళలో రక్తం తగ్గే అవకాశం ఉంది కానీ అంతదాకా రావడం అరుదు.

మీవారిని నల్లులు వదిలేశాయని అనుకోకండి, ఆయన్నీ కుడుతూనే ఉంటాయి. నల్లి కుట్టేటప్పుడు దాని లాలాజలం చర్మంలోకి వెళ్తుంది, మన ఒళ్ళు దానికి ఎదురు తిరిగితేనే దద్దురు లేస్తుంది. కొందరి ఒంటికి అది పట్టదు. కొత్తగా కుట్టించుకున్నవాళ్ళలో దద్దురు లేవడానికి ఒక్కోసారి రెండు వారాలు కూడా పడుతుంది. మీ అబ్బాయి వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు దురద మొదలవడానికి ఇదొక కారణం కావచ్చు.

గజ్జి అనుకోవడంలో ఆశ్చర్యం లేదు, రెండూ రాత్రిపూటే ఎక్కువ బాధపెడతాయి. తేడా ఎక్కడుందంటే, గజ్జి వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, చంకల్లో, బొడ్డు చుట్టూ, నడుము దగ్గర వస్తుంది. నల్లి కాట్లు బట్ట కప్పని చోట, అంటే చేతులు, మెడ, ముఖం, కాళ్ళ మీద ఉంటాయి. చాలాసార్లు మూడు నాలుగు దద్దుర్లు ఒకే వరుసలో కనిపిస్తాయి. మీరు రాసినదాన్ని బట్టి ఇవి నల్లి కాట్లే అనిపిస్తోంది. పాప వేళ్ళ సందులు మాత్రం ఒకసారి వెలుతురులో చూడండి, అక్కడ కూడా పొక్కులుంటే స్కిన్ డాక్టర్‌కు చూపించాలి. అప్పటిదాకా ఆ గజ్జి లోషన్ మళ్ళీ మళ్ళీ పూయకండి.

దురదకు సబ్బు నీళ్ళతో కడిగి, చల్లటి తడిగుడ్డ పది నిమిషాలు వేస్తే చాలావరకు ఉపశమనం ఉంటుంది. పైన కాలమైన్ లోషన్ రాయండి. ఎక్కువగా ఉంటే మీరు రాత్రి పడుకునే ముందు సెటిరిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకోవచ్చు. మగత వస్తుంది కాబట్టి వేసుకున్నాక బండి నడపొద్దు. గర్భంతో ఉన్నా, వేరే మందులేవైనా వాడుతున్నా డాక్టర్‌ను అడిగాకే వేసుకోండి. పాపకు మాత్ర ముక్క చేసి ఇవ్వొద్దు. బరువును బట్టి సిరప్ ఎంత ఇవ్వాలో పిల్లల డాక్టర్ చెబుతారు. పాప గోళ్ళు కత్తిరించండి. గజ్జికి, తామరకు, దురదకు, అన్నిటికీ ఒకటే ట్యూబ్ అని షాపులో ఇస్తుంటారు. వాటిలో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. పిల్లల లేత చర్మానికి అది చేసే చేటు నల్లి కాటు కంటే పెద్దది, దయచేసి వాడకండి. దద్దురు చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పెదవులు, ముఖం వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇక నల్లులను వదిలించుకోవడం. మందుల కంటే వేడిని నమ్ముకోండి. మన దగ్గరి స్ప్రేలలో ఎక్కువ వాటిలో ఉండే మందులకు నల్లులు చాలావరకు అలవాటు పడిపోయాయి. ఎదురుగా పడినదాన్ని చంపినా సందుల్లో ఉన్నవాటికి, గుడ్లకు తగలదు. చావలేదని డబ్బాలకు డబ్బాలు కొడితే ఆ గాలి పీల్చేది మీరే. వేడికి మాత్రం నల్లి తట్టుకోలేదు. సుమారు 48 డిగ్రీల వేడిలో 20 నిమిషాలుంటే పెద్ద నల్లులు చస్తాయి, గుడ్లు చావాలంటే అదే వేడి గంటన్నర పాటు తగలాలి.

మొదట చేయాల్సింది, హాల్లో నుంచి మళ్ళీ మీ గదికే రండి. ఇది వినడానికి కష్టంగా ఉంటుందని తెలుసు. మన ఊపిరిని, ఒంటి వేడిని పసిగట్టి నల్లి వస్తుంది. మీరు హాల్లోకి మారితే అవీ హాల్లోకి వస్తాయి, అప్పుడు ఒక గదిలో ఉన్న బాధ ఇల్లంతా అవుతుంది. తిండి లేకపోతే చస్తాయిలే అని గది మూసేయడమూ పనికిరాదు, తిండి లేకుండా అవి నెలల తరబడి బతకగలవు. పరుపును వీధిలో పారేయడం కూడా వద్దు, ఇంకెవరో తీసుకెళ్తారు.

ముందు పాపను పక్కింట్లో వదిలి, టార్చి, పాత టూత్‌బ్రష్, సబ్బు నీళ్ళ బకెట్ పెట్టుకుని కూర్చోండి. పరుపు అంచున గుండ్రంగా కుట్టిన పైపింగ్ ఉంటుంది చూడండి, దాన్ని గోటితో వెనక్కి తిప్పి టార్చి వేయండి. మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. తడి దూదితో తుడిస్తే అవి తుప్పు రంగులో సాగుతాయి, అవి నల్లుల రెట్టలు. పక్కనే లేత గోధుమరంగు పొరలు, ఒక మిల్లీమీటరు పొడవున్న తెల్లటి గుడ్లు కుట్టు దారానికి అతుక్కుని ఉంటాయి. బ్రష్‌తో గట్టిగా గీకి అన్నిటినీ సబ్బు నీళ్ళలో పడేయండి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే అదే వాడండి. అయ్యాక అందులోని చెత్తను కవర్లో వేసి ముడి కట్టి పారేయాలి.

తర్వాత మంచం. కింద సామాన్లు పెట్టుకునే డబ్బా మంచమైతే నల్లులకు అసలు ఇల్లు అదే. స్క్రూలు విప్పి పలకలు విడదీయండి. స్క్రూ రంధ్రాల్లో, ప్లైవుడ్ అంచుల్లో, తలవైపు పలక వెనకాల చూడండి. నులక మంచం, నవారు మంచం, టేకు మంచం అయితే పాత పద్ధతే మేలు. బయట వేసి మరిగే నీళ్ళు కీళ్ళలోకి, సందుల్లోకి నెమ్మదిగా పోయండి. మన పెద్దవాళ్ళు చేసిన ఈ పనిలో పూర్తి న్యాయముంది. పిల్లల్ని మాత్రం దూరంగా ఉంచండి, కాలిన గాయాలతో వచ్చే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ప్లైవుడ్ మరిగే నీళ్ళకు ఉబ్బుతుంది కాబట్టి దానికి ఆవిరి పట్టే మెషీన్ అద్దెకు దొరికితే వాడండి, లేదంటే బ్రష్‌తో గీకి సందులను పుట్టీతో మూసేయండి. గోడలో కడప బండలు వేసిన అరలుంటే బండకు, గోడకు మధ్య పగుళ్ళు కూడా పూడ్చండి. కేలండర్, ఫొటోల వెనకాల, పరదాల మడతల్లో చూడండి. స్విచ్ బోర్డుల దగ్గర నీళ్ళు, స్ప్రే రెండూ వద్దు.

దుప్పట్లు, దిండు గలేబులు, పరదాలు గదిలోనే కవర్లలో వేసి మూతి కట్టి బయటికి తేవాలి, ఊరికే చేతుల్లో మోసుకొస్తే దారిపొడవునా రాలుతాయి. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి ఉతకండి. ఉతకలేని బట్టలకు మన ఎండ ఉంది. నల్ల ప్లాస్టిక్ కవర్లలో పలచగా పరిచి, మూతి కట్టి, మిద్దె మీద పదకొండు నుంచి నాలుగు దాకా ఉంచి మధ్యలో తిరగేయండి. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండకు ఆ కవర్ల లోపల నల్లికి చావే. పరుపును ఎండలో వేస్తే మాత్రం అంత నమ్మకం లేదు. పైన కాలుతున్నా లోపల, కింది వైపు చల్లగానే ఉంటుంది, నల్లులు అటు జారుకుంటాయి. వేయొద్దని కాదు, అదొక్కటే చేసి ఊరుకోవద్దు. ఎండకు వేసి, గీకి, ఆపైన జిప్ ఉన్న పూర్తి కవర్ తొడిగి ఏడాదిపాటు తీయకుండా ఉంచితే లోపల మిగిలినవి అందులోనే చస్తాయి.

మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, నాలుగు కోళ్ళ కింద సబ్బు నీళ్ళ గిన్నెలు పెట్టండి. దుప్పటి నేలకు తగలకూడదు. అప్పుడు బయటినుంచి నల్లి మంచమెక్కాలంటే నీళ్ళలో పడాల్సిందే. ఆ నీళ్ళు రెండు మూడు రోజులకొకసారి పారబోసి మార్చండి, మర్చిపోతే డెంగీ దోమలు పుడతాయి.

ఇదంతా ఒక్కసారితో అయిపోదు. గుడ్లు సుమారు ఆరు నుంచి పది రోజుల్లో పొదుగుతాయి. అందుకని పది, పన్నెండు రోజులకు ఇదే పని మళ్ళీ చేయాలి, ఆ తర్వాత మరోసారి. మొదటిసారి చేశాక వారం బాగుండి మళ్ళీ కుట్టగానే చాలామంది నీరుగారిపోయి గోళీల వైపు చూస్తారు. అది ముందే తెలుసుకుని ఉండండి. వరుసగా ఆరు నుంచి ఎనిమిది వారాలు కాటు లేకపోతే, గిన్నెల్లో ఒక్కటి కూడా పడకపోతే పోయినట్టు లెక్క.

వేపాకు పొగ వేసినా, అగరుబత్తి వెలిగించినా, దోమల కాయిల్ పెట్టినా నల్లులు చావవు. బీరువాలో పెట్టే కలరా ఉండలను పరుపు కింద పెట్టొద్దు. జీ6పీడీ లోపం (రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లల్లో వాటి వాసనకు కూడా రక్తకణాలు పగిలిపోయే ప్రమాదముంది. చీమల చాక్‌పీసు గీతలు కూడా వద్దు, మీ పాప వయసు పిల్లలు దాన్ని పలక మీద రాసే సుద్దముక్క అనుకుంటారు.

మీ వల్ల కాకపోతే లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలవండి. ఏ మందు వాడుతున్నారో పేరు కాగితం మీద రాసిమ్మనండి, ఎన్ని గంటలు బయట ఉండాలో అడగండి, రెండోసారి ఎప్పుడొస్తారో ముందే మాట్లాడుకోండి. గోళీలు పెడతామంటే వెంటనే పంపించేయండి.

సిగ్గు గురించి రాశారు. నల్లికి కావాల్సింది మన రక్తం, దాక్కోవడానికో సందు. అద్దంలా మెరిసే ఇంట్లోనూ అవి రెండూ ఉంటాయి. రాత్రి బస్సు సీటు నుంచో, లాడ్జి మంచం నుంచో, హాస్టల్ పెట్టె నుంచో, సెకండ్ హ్యాండ్‌లో కొన్న సోఫా నుంచో ఎవరింటికైనా వస్తాయి. సిగ్గుపడి దాచినన్నాళ్ళూ పక్క పోర్షన్‌కు పాకుతూనే ఉంటాయి. అందుకే పక్కవాళ్ళకు, ఇంటి ఓనరుకు ఈ రోజే చెప్పండి. రెండు ఇళ్ళలో ఒకే రోజు శుభ్రం చేస్తేనే ఫలితం ఉంటుంది.

మీ అబ్బాయికి ఫోన్ చేసి పీజీలో తన పరుపు అంచులు చూసుకోమనండి, అక్కడ ఉంటే ఓనరుకు చెప్పమనండి. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు బ్యాగును గదిలోకి తేకుండా మిద్దె మీదే విప్పించి, బట్టలన్నీ నేరుగా వేడి నీళ్ళలో వేయండి. ఖాళీ బ్యాగును నల్ల కవర్లో కట్టి ఎండలో పెట్టండి.