ఖాళీల జాబితా రాసేముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

జిల్లా వైద్య ఆరోగ్య ఆఫీసులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నీ నెత్తిన పడిందన్నమాట. రిటైరైనవాళ్ల పోస్టుల్లో వేటిని నింపనక్కర్లేదో రాసి పంపమన్నారని ఫోన్లో చెప్పావు. ఎవర్నీ ఇంటికి పంపకుండా సిబ్బందిని తగ్గించే దారి కాబట్టి సర్కారుకి ఇదంటే ముద్దు. గొడవ చేసేవాడు ఉండడు, పోయేది ఇంకా ఎవరికీ రాని ఉద్యోగం కదా!

ఒకటి గుర్తుపెట్టుకో. పోస్టు ఖాళీ అయ్యేది పని అయిపోయినచోట కాదు, మనిషికి 62 నిండినచోట. 2022 జనవరిలో మన ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి పెంచారు గనుక ఆ రెండేళ్లూ వయసు మీరి దిగినవాళ్లు లేరు, 2024 నుంచి మళ్లీ మొదలు. సర్వీసు రిజిస్టర్లలో పుట్టిన తేదీలు చూసి, వచ్చే ఐదేళ్లలో ఏ సెక్షన్ ఎప్పుడు ఖాళీ అవుతుందో ముందే గీసుకో.

టైపిస్టు పోస్టులు రాసెయ్, మొహమాటపడకు. గుమాస్తాలే కంప్యూటర్ మీద కొట్టుకుంటున్నారు. ల్యాబ్ టెక్నీషియన్ దగ్గర మాత్రం పెన్ను ఆపు. పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఆయన దిగిపోతే పక్క పీహెచ్‌సీ ఆయన్ని వారానికి రెండు రోజులు డెప్యుటేషన్ వేస్తారు. కాగితం మీద అంతా సవ్యమే. సోమవారం జ్వరంతో వచ్చినవాడి రక్తపు స్లయిడు గురువారందాకా పెట్టెలో ఉంటుంది. తెమడ పరీక్షకి వచ్చిన ముసలాయన రెండోసారి రాడు. నెలాఖరు రిపోర్టులో పరీక్షలు తగ్గుతాయి, అది చూసి పని తగ్గింది, పోస్టు అనవసరం అని మన ఆఫీసే రాస్తుంది! అందుకే ఆయన ఉన్నప్పటి ల్యాబ్ రిజిస్టరు తెప్పించుకుని పక్కన పెట్టి చూడు.

నిజంగా పని పూర్తయిన సందర్భాలూ మన శాఖలోనే ఉన్నాయి. మశూచి 1975లో మన దేశం వదిలిపోయింది. అంతకు రెండేళ్ల ముందే కర్తార్ సింగ్ కమిటీ టీకాలవాళ్లనీ మలేరియావాళ్లనీ కలిపి బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలుగా మార్చమంది. పోస్టు కొట్టేసేముందు దాన్ని ఇంకో పనికి మార్చవచ్చా అని నోట్‌ఫైల్లో ఒక పేరా రాయి. పైవాళ్లు చదవకపోయినా ఫైల్లో ఉంటుంది.

జూనియర్ అసిస్టెంట్ల జోలికి పోకు. రేపటి సీనియర్లు అక్కణ్నుంచే రావాలి, సర్వీసులో పోయినవాళ్ల ఇంట్లోవాళ్లకిచ్చే కారుణ్య నియామకాలకీ ఆ ఖాళీలే దిక్కు.

ఔట్‌సోర్సింగ్‌లో మనిషిని పెట్టి పోస్టు మిగిల్చామంటే ఒప్పుకోకు. జీతాల పద్దులో తగ్గింది ఇంకో పద్దులో తేలుతుంది. రెండు పద్దులూ ఒకే పట్టికలో చూపించు. 1994 నాటి నియామకాల చట్టం, అదే యాక్ట్ 2/94, రోజుకూలీ నియామకాలు వద్దన్నాక కూడా మనుషులు వేరే పేర్లతో వస్తూనే ఉన్నారు.

ఆఖరి గడిలో "ప్రస్తుతం ఈ పని ఎవరు చేస్తున్నారు" అని తప్పకుండా పెట్టు. ఒకే పేరు నాలుగుచోట్ల కనబడితే ఆ పోస్టుల్ని ఖాళీగా వదలమని నీ చేత్తో రాయకు. సంతకం చేసే ఆఫీసరు అడిగితే ఆ గడి చూపించు చాలు. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మావయ్య