మాస్క్ ముట్టుకునే ముందు ఫ్రేములు చూడు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవెనలు. నువ్వు పంపిన ఫోటో పొద్దున్నే తెరిచి చాలాసేపు చూశాను. రాతి పగుల్లోంచి తొంగిచూసే తెల్లపూలు, వాటి వెనక చెరువు, ఆ వెనక చీకటి కొండ. మంచి చోట నిలబడ్డావు, మంచి వెలుగులో తీశావు. దగ్గరి పువ్వు నుంచి దూరపు కొండ దాకా ఒక్కోసారి ఒక్కో దూరంలో ఫోకస్ పెట్టి తీసిన ఆరు ఫ్రేములు ఫోటోషాప్‌లో కలిపితే (దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు) పూల చుట్టూ పొగలాంటి అంచు వచ్చిందనీ, మాస్క్ మీద బ్రష్‌తో దిద్దేకొద్దీ ఇంకా అసహ్యంగా తయారవుతోందనీ రాశావు. ఆ ఫోటో పారేయకమ్మా. అందులో బాగుచేయలేనిది ఒక్కచోటే ఉంది. అదెక్కడో తర్వాత చెబుతాను.

ముందు ఒక మాట గట్టిగా పట్టుకో. మాస్క్ కొత్తగా ఏదీ పుట్టించదు. ఏ చోట ఏ ఫ్రేము కనబడాలో ఎంచుకోవడమే దాని పని. ఫోటోషాప్‌లో ఒక్కో ఫ్రేము ఒక్కో పొరగా, అంటే లేయర్‌గా ఉంటుంది. మాస్క్ తెల్లగా ఉన్న చోట ఆ లేయర్ కనబడుతుంది, నల్లగా ఉన్న చోట దాక్కుంటుంది. అందుకని తప్పు కనబడగానే బ్రష్ అందుకోకు. ఆ చోటు ఏ ఫ్రేములో సరిగ్గా ఉందో వెతుకు. లేయర్స్ ప్యానెల్‌లో ఒక లేయర్ పక్కనున్న కన్ను గుర్తు మీద ఆల్ట్ పట్టుకుని నొక్కితే మిగతావన్నీ మాయమై అదొక్కటే కనబడుతుంది. ఆరు ఫ్రేములూ అలా ఒక్కొక్కటీ, నూరు శాతం సైజులో, తప్పున్న చోటే చూడు. ఏదో ఒకదాంట్లో ఆ చోటు శుభ్రంగా ఉంటే పని పది నిమిషాల్లో తెములుతుంది. ఏ ఒక్కదాంట్లోనూ లేకపోతే రాత్రంతా కూర్చున్నా మాస్క్‌తో రాదు. నువ్వు రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నది ఈ చూపు లేకనే.

ఇప్పుడు ఫైలు సంగతి. నువ్వు పంపినదాంట్లో ఆటో బ్లెండ్ (స్పష్టమైన భాగాలను సాఫ్ట్‌వేరే ఎంచి కలపడం) చేసిన లేయర్లు మాత్రమే ఉన్నాయి, మూల ఫ్రేములు లేవు. సీమ్‌లెస్ టోన్స్ అండ్ కలర్స్ అన్న గడిలో టిక్ ఉన్నప్పుడు ఫోటోషాప్ అతుకులు కనబడకుండా లేయర్ల రంగులూ వెలుగూ కూడా సర్దుతుంది. ఆ తర్వాత వాటి మాస్కుల మీద తెలుపు పూస్తే బయటపడేది నువ్వు తీసిన రంగు కాదు. నీకు కొండ మీద వచ్చిన మచ్చలకు కారణం అదే అనుకుంటున్నాను. కాబట్టి మళ్లీ మొదలుపెట్టు. రా ఫైళ్లన్నిటికీ (కెమెరా దిద్దకుండా ఇచ్చే మూల ఫైళ్లు) ఒకే సెట్టింగులు వేసి, 16 బిట్‌లో లేయర్లుగా తెరువు. ఎడిట్ మెనూలో ఆటో అలైన్ చెయ్యి, ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. అలైన్ అయ్యాక ఆరింటినీ ఒక గ్రూపులో పెట్టి, ఆ గ్రూపుకి నకలు తీసి, నకలు మీద మాత్రమే ఆటో బ్లెండ్ చెయ్యి. వచ్చినదాన్ని ఒకే లేయర్‌గా కలిపేసెయ్. అసలు గ్రూపు కింద ముట్టుకోకుండా ఉండాలి. ఆటో అలైన్ ముందు ఈ నకలు తీస్తే లాభం లేదు. ఫోకస్ మారినప్పుడు లెన్స్ చూపే మేర కూడా కాస్త మారుతుంది, దాన్నే ఫోకస్ బ్రీతింగ్ అంటారు. అలైన్ చేయని ఫ్రేములో పువ్వు వేరే సైజులో ఉంటుంది, అతకదు.

ఫైలు బరువెక్కుతుంది, భయపడకు. 24 మెగాపిక్సెల్ ఫ్రేము 16 బిట్‌లో సుమారు 144 ఎంబీ. ఆరుకి 860 దాటుతుంది, నకళ్లతో కలిపితే ఇంకా పెరుగుతుంది. ఫోటోషాప్ మామూలు ఫైలు పీఎస్‌డీకి 2 జీబీ హద్దు ఉంది, దాటితే పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీగా సేవ్ చేసుకో. జాగా కోసం లేయర్లన్నీ ఒకటిగా ఫ్లాటెన్ చేసెయ్యకు. ఒకసారి నేనా పని చేశాను. పెద్ద ప్రింటు వేయించి గోడకు తగిలించాక బండ అంచున జంట గీత కనబడింది. స్క్రీన్ మీద చిన్నగా చూసినప్పుడు అది నా కంటికి ఆనలేదు. వెనక్కి వెళ్లి దిద్దడానికి లేయర్లు లేవు. ఆ ఫోటో మొదటినుంచీ మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది.

ఇక నీ పువ్వు దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ఎక్కువగా తప్పేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదువు.

కొండ మీద ఫోకస్ ఉన్న ఆరో ఫ్రేము తెరిచి పువ్వు చూడు. రేకు మసకబారి తన సైజుకంటే ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బిన తెలుపు చుట్టుపక్కల కొండని కప్పేస్తుంది. అంటే రేకుని ఆనుకుని ఉన్న సన్నటి పట్టీలో కొండ స్పష్టంగా ఉన్న ఫ్రేము నీ దగ్గర ఒక్కటీ లేదు. సాఫ్ట్‌వేర్ రేకుని మొదటి ఫ్రేములోంచి, దాని పక్క పట్టీని ఆరో ఫ్రేములోంచి తీసుకుంది. దాంతో ఆ తెల్లపొగ కూడా వచ్చేసింది. ఇప్పుడు మొదటి ఫ్రేము చూడు. రేకు కత్తిరించినట్టు ఉంది, పక్కనున్న కొండ మసకగా ఉంది, కానీ పొగ లేదు, రంగు సరైనదే. మనకి పనికొచ్చేది అదే.

కింది గ్రూపులోంచి మొదటి ఫ్రేముకి నకలు తీసి, కలిపిన లేయర్ మీదకి తెచ్చుకో. ఆల్ట్ పట్టుకుని మాస్క్ గుర్తు నొక్కితే నల్ల మాస్క్ వస్తుంది, లేయర్ మొత్తం దాక్కుంటుంది. తెల్ల రంగు తీసుకుని రేకు మీదా, రేకు దాటి పొగ ఎంతవరకు ఉందో అంతవరకూ పూసుకుంటూ వెళ్లు. రేకు అంచు దగ్గర నీ బ్రష్ అంచు ఆగకూడదు. నువ్వు చేసిన తప్పు అదే, అంచు వెంబడే గీసుకుంటూ వెళ్లావు. అలా గీస్తే పొగ అక్కడే ఉండిపోతుంది, పువ్వేమో కత్తెరతో కోసి అంటించినట్టు కనబడుతుంది. రేకూ, దాని పక్క పట్టీ రెండూ మొదటి ఫ్రేములోంచే రావాలి. మాస్క్ మారే చోటు పొగ అయిపోయే చోట ఉండాలి, అక్కడ బ్రష్ బాగా మెత్తగా, హార్డ్‌నెస్ సున్నాకి దగ్గరగా ఉండాలి. ఫ్లో (ఒక్కసారికి పడే రంగు) 20, 25 శాతం దగ్గర పెట్టుకుని రెండు మూడు సార్లు పూయి. ఎక్కువైతే కీబోర్డు మీద ఎక్స్ నొక్కితే నలుపు చేతికొస్తుంది, వెనక్కి తగ్గించు.

ఇలా చేశాక పొగ పోయి, దాని స్థానంలో కొండ రంగున్న సన్నటి మసక పట్టీ మిగులుతుంది. చాలా ఫోటోల్లో ఇది చాలు. చీకటి కొండ మీద తెల్లటి మెరుపుని కన్ను వెంటనే పట్టుకుంటుంది, అదే కొండ రంగులో ఉన్న కాస్త మసకని దాటి వెళ్లిపోతుంది. నీ ఫోటోలో ఎడమవైపు రెండు పూల వెనక మాత్రం కొండ మీద చెట్లు విడివిడిగా కనబడుతున్నాయి, అక్కడ పట్టీ తెలిసిపోతుంది. ఆ రెండింటికి పైన ఖాళీ లేయర్ ఒకటి తెరిచి, క్లోన్ స్టాంప్‌కి (ఒక చోటి బొమ్మని ఇంకో చోట అచ్చేసే పనిముట్టు) శాంపిల్ కరెంట్ అండ్ బిలో అని పెట్టుకుని, పొగ అవతలి స్పష్టమైన చెట్లని పట్టీలోకి లాగు. రేకు మీదకి పడకుండా రేకుని మాత్రమే సెలెక్ట్ చేసి, సెలెక్షన్ తిరగేసి ఆ లేయర్‌కి మాస్క్‌గా వేసుకో. ఈ మాస్క్ అంచు మాత్రం రేకు అంచు వెంటే, గట్టిగా ఉండాలి. అయినా నిజమైన రేకు అంచు నూరు శాతం సైజులో ఒకటి రెండు పిక్సెళ్ల మేర మారుతుంది, మాస్క్‌ని కూడా అంతే మెత్తబరుచు.

ఈసారి వెళ్లినప్పుడు దీనికి అక్కడే మందు వేసుకోవచ్చు. స్టాక్, అంటే కలపాల్సిన ఫ్రేములన్నీ, ఎఫ్/11లో తీశాక, కొండ మీదే ఫోకస్ ఉంచి ఎఫ్/22లో ఇంకొక ఫ్రేము తియ్యి. లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం (అపర్చర్) వెడల్పు సగమవుతుంది కాబట్టి పువ్వు ఉబ్బు కూడా సగమవుతుంది, పొగ కింద దాగిన కొండలో చాలా భాగం బయటపడుతుంది. రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు చెదురుతుంది, ఆ డిఫ్రాక్షన్ వల్ల ఆ ఫ్రేము మొత్తం కాస్త మెత్తగా వస్తుంది. వాడేది సన్నటి పట్టీకే కాబట్టి పర్వాలేదు. షటర్ నాలుగింతలు సాగించాలి, 1/60 ఉంటే 1/15 అవుతుంది. గాలి ఆగేదాకా ఓపిక పట్టు.

గడ్డి దుబ్బుల దగ్గర తప్పు వేరే రకం. రెండో ఫ్రేముకీ మూడో ఫ్రేముకీ మధ్య గాలి వీచింది. ఒక పోచకి రెండు కొసలున్నాయి, పక్కదానికి తలే లేదు. దీనికి బతిమాలి అతికించే పద్ధతులు వద్దు. ఒక దుబ్బు మొత్తాన్ని ఒకే ఫ్రేముకి ఇచ్చెయ్. మాస్క్ అంచు పోచలకి అడ్డంగా పోకూడదు, దుబ్బుకీ దుబ్బుకీ మధ్య ఉన్న మట్టిలోంచో రాతి మీదనుంచో పోవాలి. దుబ్బు వెనక భాగం కాస్త మెత్తగా వస్తుంది, రానీ. తల తెగిన స్పష్టమైన పోచకంటే మెత్తటి నిండు పోచ ఎంతో నయం. చెరువు నీళ్లకీ ఇదే మాట. అలలు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటాయి, నచ్చిన ఒకే ఫ్రేము ఎంచుకుని నీళ్లన్నీ దానికే అప్పగించు.

ఆకాశం సులువు. అక్కడ గీతలూ గరుకూ లేవు కాబట్టి ఏది స్పష్టమో సాఫ్ట్‌వేర్‌కి తెలియక అతుకులబొంతలా కలిపింది. ఆరో ఫ్రేము ఆకాశం మొత్తం పెద్ద మెత్తటి బ్రష్‌తో పైకి తెచ్చెయ్.

ఏ మరమ్మతుకి ఆ లేయర్ విడిగా పెట్టు, పేరు కూడా రాసుకో. పైకి తెచ్చిన ఫ్రేము కాస్త వెలుగుగానో చీకటిగానో తోస్తే దానికి మాత్రమే కర్వ్స్ (వెలుగు సర్దే లేయర్) క్లిప్ చేసి సరిపుచ్చు, మాస్క్‌తో కప్పిపుచ్చబోకు. అలైన్ మీద అనుమానం వస్తే ఆ లేయర్ బ్లెండ్ మోడ్ డిఫరెన్స్‌కి మార్చి చూడు. సరిగ్గా కూర్చున్న చోట నల్లగా ఉంటుంది, జరిగిన చోట అంచులు వెలుగుతాయి. మాస్క్‌లో నువ్వు ఎక్కడెక్కడ పూశావో చూడాలంటే ఆల్ట్ పట్టుకుని మాస్క్ బొమ్మ నొక్కు. నిండు తెలుపు అనుకున్న చోట బూడిదరంగు మరకలు బోలెడు కనబడతాయి. ఆ మరకలున్న చోటల్లా రెండు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి కలిసి కనబడి బొమ్మ జంటగా తోస్తుంది. నాకిప్పటికీ ప్రతిసారీ నాలుగైదు దొరుకుతాయి.

మిగిలింది ఆ ఒక్క చోటు. కుడివైపు కింద, రాతికీ నీటికీ మధ్య అడ్డంగా ఒక మసక చార ఉంది. దానికి ముందు స్పష్టం, వెనక స్పష్టం. ఆరు ఫ్రేముల్లోనూ వెతుకు, ఎందులోనూ ఉండదనే నా నమ్మకం. రెండో ఫ్రేముకీ మూడో ఫ్రేముకీ మధ్య ఫోకస్ ఒక్కసారిగా ఎక్కువ దూరం జరిపి ఉంటావు. కెమెరాకి దగ్గరున్న చోట అడుగులు చిన్నవి వేయాలి, దూరం పెరిగేకొద్దీ పెద్దవి వేయవచ్చు. ఆ చారకి కాస్త షార్పెన్ చేసి వదిలెయ్, లేదా కింద నుంచి కత్తిరించి చూడు. ఫ్రేము అంచుల్లో అలైన్ వల్ల సాగిన గీతలు ఎలాగూ ఉన్నాయి, ఎంతోకొంత క్రాప్ తప్పదు.

ముందు ఎడమవైపు రెండు పూలు చెయ్యి. అవి అయ్యాక లేయర్లతో సహా ఫైలు పంపు, జేపెగ్ వద్దు. ఆ మాస్కులు నేను చూడాలి.

ఇట్లు,
మామయ్య