స్నేహితురాలి ఇంటికి బయలుదేరుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నువ్వు మూడు వారాలు సెలవు పెట్టి నీ స్నేహితురాలి దగ్గరకు వెళ్తున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. పదమూడేళ్లు పెంచుకున్న కుక్క పోయిందని, అది పోయిన వారానికే ఇల్లు అమ్మకానికి పెట్టవలసి వచ్చిందని, అప్పులవాళ్ల ఫోను మోగితే చాలు ఆ పిల్ల ఉలిక్కిపడుతోందని, నువ్వు దాచుకున్న డబ్బు కూడా వెంట తీసుకువెళ్తున్నావని అన్నాడు. వింటుంటే నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. అప్పుల్లో ఉన్న మనిషి ఇంటివైపు చూడడానికే అందరూ వెనకాడే వేళ నువ్వు పెట్టె సర్దుకుంటున్నావు. ఫోను పెట్టేశాక మాత్రం నాకు కంటిమీద కునుకు పడలేదు. నీ మనసు బంగారమని నాకు తెలుసు, నేను భయపడేది నీ చేతుల వేగానికి. పని కనబడితే ఆగలేని ఆ చేతులు నీకు నా పోలిక.

నేను ముప్పై ఏళ్లు మనస్తత్వశాస్త్రం బోధించాను కదా. ప్రతి ఏడూ ఒక పట్టికను నల్లబల్ల మీద రాసేదాన్ని. హోమ్స్, రాహీ అనే ఇద్దరు అమెరికన్ మనోవైద్యులు 1967లో దాన్ని ప్రకటించారు. జీవితంలో వచ్చే 43 మార్పులను వరుసగా రాసి, ఒక్కొక్కటి మనిషిని ఎంతగా కుదుపుతుందో అంచనా కట్టి అంకెలు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, ఆర్థిక పరిస్థితి మారిపోవడానికి 38, నివాసం మారడానికి 20. ఒక సంవత్సరం వెనక బల్ల మీది అమ్మాయి ఒకతె లేచి, "మేడమ్, పెంచుకున్న కుక్క చనిపోతే ఎంత?" అని అడిగింది. నేను బల్ల వైపు తిరిగి పైనుంచి కిందికి వెతికాను. ఆ 43లో అది లేదు. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా కూర్చుంది. లోకం గుర్తించని, బయటికి చెప్పుకుంటే చులకనయ్యే ఇలాంటి దుఃఖానికి కెన్నెత్ డోకా అనే పండితుడు 1989లో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టి పుస్తకమే తెచ్చాడని నేను తరువాత చదువుకున్నాను. నీ స్నేహితురాలికి ఇల్లు పోతోందంటే అయ్యో అనేవాళ్లు దొరుకుతారు, అప్పులున్నాయంటే సలహా చెప్పేవాళ్లు దొరుకుతారు. కుక్క కోసం ఏడిస్తే మాత్రం, ఇన్ని కష్టాల్లో దాని గొడవేమిటని అడుగుతారు. నువ్వు అక్కడికి వెళ్లేది ముందుగా దానికోసమే అనుకో.

ఆ కుక్కను పేరు పెట్టే పిలువు. ఇంకొకదాన్ని తెచ్చుకోమని అనకు. ఎలా పోయిందో ఆమె పదిసార్లు చెప్తే పదిసార్లూ విను. నయం కాని జబ్బు కాబట్టి డాక్టరు చేత ఇంజెక్షను ఇప్పించారని మీ నాన్న అన్నాడు. అలా చేయించిన ప్రతివాళ్లనూ రెండు ప్రశ్నలు పీక్కుతింటాయి: తొందరపడ్డానేమో, లేక ఆలస్యం చేసి దాన్ని బాధపెట్టానేమో. ఈ రెండూ ఒకే మనిషి నోటి వెంట ఒకే సాయంత్రం వస్తాయి. వాదించి ఏదీ నెగ్గలేవు, కాబట్టి వాదించకు. అయితే, చివరి క్షణంలో దాని కళ్లు తెరిచే ఉన్నాయని, అది తనవైపే చూస్తూ పోయిందని ఆమె చెప్పి కుమిలిపోతే, అప్పుడు మాత్రం నెమ్మదిగా చెప్పు. ఆ మందు మోతాదు మించిన మత్తుమందు. మొదట స్పృహ పోతుంది, ఆ తరువాతే శ్వాస, గుండె ఆగుతాయి. కళ్లు మూతపడకపోవడం మామూలే, ఆ చూపులో నొప్పి లేదు. ఇంట్లో ఆరేళ్ల బాబు ఉన్నాడు. కుక్క నిద్రపోయిందని వాడికి ఎవరూ చెప్పకుండా చూడు. చెప్తే, రేపు తనను పడుకోమన్నా, అమ్మ పడుకున్నా వాడికి భయం పట్టుకుంటుంది. చనిపోయింది, ఇక తిరిగిరాదు అనే చెప్పాలి.

ఆ ఇంట్లో ఒక పిల్లి కూడా ఉందట. దాని సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. తోడుగా తిరిగిన జంతువు కనబడకపోతే మిగిలినది గదిగదికీ వెళ్లి వెతుకుతుంది, అరుస్తుంది, తిండి మానేస్తుంది. కుక్క ఒక పూట మానేస్తే ఏమీ కాదు గానీ, పిల్లి రెండు మూడు రోజులు వరుసగా తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. అంతవరకు రానివ్వకుండా డాక్టరుకు చూపించు. ఇంకో ప్రాణి పోవడం ఆ ఇంటికి ఇప్పుడు తగదు.

ఇక మీ నాన్నకు కూడా ఇంతవరకు చెప్పని సంగతి చెప్పాలి. నాకు 27 ఏళ్లప్పుడు నాకూ ఇలాంటి స్నేహితురాలే ఉండేది. ఒకటో తరగతి నుంచి ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లం. వాళ్ల నాన్న పోతూ ఒక ఇంటినీ, ఆ ఇంటి మీద అప్పులనూ, ఒక ముసలి కుక్కనూ ఆమె చేతుల్లో పెట్టి పోయాడు. అప్పులు తీరాలంటే ఇల్లు అమ్మక తప్పదని తేలింది. వాయిదాలు కట్టుకొమ్మని నేను నా మొదటి సంపాదనలో దాచుకున్నదంతా ఆమెకు ఇచ్చాను. ఎప్పుడు వీలైతే అప్పుడే ఇవ్వమన్నాను. నోటితో అన్నాను, అంతే. లోపల మాత్రం ఆ రోజు నుంచి ఇల్లు ఎంత త్వరగా అమ్ముడుపోతే అంత మంచిదని లెక్కలు వేయడం మొదలుపెట్టాను. ఆమె ఎందుకు ఆలస్యం చేస్తోంది, బ్రోకరుకు ఎందుకు ఫోను చేయలేదు, ఇంట్లో కుక్క వాసన వస్తుంటే ఎవరు కొంటారు అని నాలో నేను విసుక్కునేదాన్ని. అది ఆమె మేలు కోసమేనని నమ్మాను కూడా.

ఒక ఉదయం కుక్క లేవలేకపోయింది. ఆమె దాన్ని ఎత్తుకుని డాక్టరు దగ్గరకు వెళ్లింది. నేను తోడు వస్తానంటే, వద్దు, ఇంట్లో ఉండు అంది. ఆ మర్నాడు ఇల్లు చూడడానికి మనుషులు రావలసి ఉంది. ఆమె తిరిగి వచ్చేలోగా ఇల్లు సిద్ధం చేసి పెడితే ఆమెకు ఎంత ఊరటగా ఉంటుందో అనుకుని కొంగు బిగించాను. అది పడుకునే దుప్పటి, నీళ్లు తాగే గిన్నె, కొరికి కొరికి చీలికలైన పాత చెప్పు, అన్నీ సంచిలో కట్టి బయట పారేశాను. పెరటి తలుపు అడుగున, మోకాలి ఎత్తు వరకూ గీతలుండేవి. లోపలికి రానివ్వమని అది ముందుకాళ్లతో గీరిన గీతలు. వాటిని గరుకు కాగితంతో రుద్దాను. పైనున్నవి కొత్తవి, తేలికగా పోయాయి. అడుగున సన్నగా, దగ్గర దగ్గరగా ఉన్నవి అది పిల్లగా ఉన్నప్పటివి, లోతుగా దిగిపోయాయి. వాటిలో లప్పం నింపి రెండు పూతల రంగు వేశాను. తలుపు పక్క గోడకు కుక్క గొలుసు తగిలించే మేకు ఒకటి ఉండేది. దాన్ని కూడా పీకి, రంధ్రం పూడ్చి, సున్నం రాశాను. చేస్తున్నంతసేపూ నాకు ఎంతో తృప్తిగా ఉంది.

మధ్యాహ్నం దాటాక ఆమె ఒక్కతే వచ్చింది. చేతిలో గొలుసు ఉంది. పద్నాలుగేళ్ల అలవాటు కదా, లోపలికి అడుగుపెడుతూనే చూడకుండా చెయ్యి ఎత్తి గొలుసును గోడకు తగిలించబోయింది. అక్కడ మేకు లేదు. గొలుసు జారి కింద పడింది. ఆమె వంగి తీసుకుని, తడి ఆరని తలుపును చూసి, దుప్పటి ఉండే మూలను చూసి, "ఇది ఎక్కడ పెట్టాలి?" అని నన్ను అడిగింది. ఇక దాంతో పనేముంది, పారేసెయ్, రేపు కొనేవాళ్లు వస్తున్నారు అన్నాను. ఆ మాటలు నావే, అమ్మా. ఇంత కాలమైనా ఒక్క అక్షరం మరిచిపోలేదు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. వచ్చినవాళ్లు అడిగిన మొదటి ధరకే తల ఊపి ఇల్లు ఇచ్చేసింది. డబ్బు చేతికి రాగానే, వడ్డీ పెరుగుతున్న అప్పులను పక్కన పెట్టి ముందు నా బాకీ తీర్చింది. కవరులో పెట్టి, ఎంతుందో కాగితం మీద రాసి మనిషి చేత పంపింది. ఆ తరువాత నేను మూడు ఉత్తరాలు రాశాను. ఒకదానికి జవాబు వచ్చింది. నా ఆరోగ్యం అడిగింది, ఉద్యోగం అడిగింది, ఎంతో మర్యాదగా రాసింది. నాలుగో ఉత్తరం రాసే ధైర్యం నాకు కలగలేదు.

అందుకే నిన్ను బతిమాలుతున్నాను. ఆ ఇంట్లో ఒక గిన్నెను కడగాలన్నా, ఒక వెంట్రుక ఊడ్చాలన్నా ముందు ఆమెను అడుగు. కొనేవాళ్ల కోసం వస్తువులు కనబడకుండా చేయవలసి వస్తే, వాటిని ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టె ఎక్కడుందో ఆమెకు చూపించు. వాళ్లు వచ్చే సమయానికి ఆమెనూ బాబునూ బయటికి తీసుకువెళ్లు, తలుపులు బ్రోకరు తెరుస్తాడు. పరాయివాళ్లు తన పడకగది గోడలు తట్టి చూస్తుంటే నిలబడి చూడడం ఎవరికైనా కష్టమే.

ధర విషయంలో నీ అభిప్రాయం చెప్పకు. తనదైన వస్తువు విలువ ఎవరికైనా పెద్దదిగానే కనిపిస్తుంది. 1990లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థుల్లో సగం మందికి మామూలు కప్పులు ఇచ్చి అమ్మమన్నారు. కొనేవాళ్లు ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు అడిగారట. చేతికి వచ్చి గంటైనా కాని కప్పుకే అంత మమకారం ఉంటే, బిడ్డ నడక నేర్చుకున్న ఇంటికి ఎంత ఉండాలి? కాబట్టి ఆమె ఎక్కువ చెప్తే నొచ్చుకోకు. నాకు అసలు భయం రెండో వైపున ఉంది. అలసిపోయిన మనిషి, నా స్నేహితురాలిలాగే, ఎంతకైనా సరే అని ఇచ్చేస్తుంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరి చేత ఇంటికి విలువ కట్టించమని చెప్పు. మనసు కాస్త కుదుటగా ఉన్న రోజున, ఇంతకు తగ్గితే ఇవ్వను అనే అంకెను ఆమె చేతనే కాగితం మీద రాయించు. బేరం రోజున ఆ కాగితం ఆమె దగ్గర ఉంటే చాలు.

అప్పుల లెక్క ఆమె చెయ్యలేకపోతోందంటే తెలివి లేక కాదు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులను పరీక్షించి 2013లో ప్రకటించిన పరిశోధన ఒకటి ఉంది. కోతకు ముందు డబ్బుకు కటకటలాడే రోజుల్లో తడబడిన రైతే, కోత తరువాత డబ్బు చేతిలో ఉన్నప్పుడు అలాంటి పరీక్షలోనే మెరుగ్గా చేశాడు. మనిషి అదే, బుర్ర అదే. డబ్బు దిగులు సగం బుర్రను ఆక్రమించుకుని కూర్చుంటుంది. అందుకని నువ్వు పక్కన కూర్చుని, ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఏ తారీఖున కట్టాలి అన్నది ఒక్క కాగితం మీదికి తీసుకురా. విప్పని కవర్లు ఉంటాయి, ఆమె ఒప్పుకుంటే నువ్వు విప్పు. వాయిదా తప్పాక మొహం చాటేసేకంటే తప్పకముందే అప్పిచ్చినవాళ్లతో మాట్లాడితే గడువు దొరికే అవకాశం ఎక్కువ. ఇల్లు అమ్మగా వచ్చే సొమ్ములోంచి తాకట్టు అప్పు, ఖర్చులు పోగా చేతికి ఎంత మిగులుతుందో బేరం కుదరకముందే లెక్క కట్టండి.

నీ డబ్బు గురించి ఒకే మాట. తిరిగి రాకపోయినా నీకు కష్టం లేనంతే ఇవ్వు, ఇది అప్పు కాదని స్పష్టంగా చెప్పి ఇవ్వు, ఆ తరువాత దాని ఊసు ఎవరి దగ్గరా, మీ నాన్న దగ్గర కూడా, ఎత్తకు. మిగిలినది ఇంట్లోనే వదిలి వెళ్లు. హామీ సంతకం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకు. అప్పు తీసుకున్న మనిషి కట్టలేకపోతే మొత్తం కట్టవలసింది సంతకం చేసిన మనిషే. అంతకంటే ఘోరం, ఆ సంతకం పెట్టిన రోజు నుంచి ఆమె కొన్న ప్రతి వస్తువునూ నువ్వు లెక్కగట్టి చూస్తావు. నేను అలా చూశాను కనుక చెప్తున్నాను. కోపం వచ్చిందా? రానీ. చిన్నప్పుడు మెట్ల మీద పరుగెత్తితే నిన్ను ఇలాగే కసిరేదాన్ని. ఆ తరువాత మోకాలికి మందు రాసిందీ నేనే.

మూడు వారాలూ అక్కడ నీకు ఏడుపు వస్తే ఆమె ముందు దాచుకోవద్దు, కానీ నిన్ను ఓదార్చే పని ఆమెకు పెట్టవద్దు. రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోను చెయ్యి, నేను మేలుకునే ఉంటాను. వచ్చేశాక కూడా, ఇల్లు ఖాళీ చేసే రోజున మళ్లీ వెళ్లగలవేమో చూడు. ఆ రోజు ఆమె పక్కన ఎవరూ ఉండరు.

చేరగానే ముందు ఆ పిల్లి తింటోందో లేదో కనుక్కుని నాకు చెప్పు.

నీ అత్త