సెన్సర్ తీసేశారు సరే, ఆర్‌సీలో బీఎస్-6 మాటేమిటి?

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. రెండేళ్ల క్రితం 350 సీసీ మోటార్‌సైకిల్ కొన్నాను. మూడేళ్ల వారంటీ ఉంది. నాలుగు నెలల క్రితం పుత్లీబౌలీలో వేరే సైలెన్సర్ కొని బిగించుకున్నాను. దానికి ఆక్సిజన్ సెన్సర్ పెట్టే చోటు లేదు. మెకానిక్ సెన్సర్ విప్పేసి, వైరు చివర చిన్న ప్లగ్గు ఒకటి తగిలించి, ‘ఏమీ కాదన్నా, అందరూ చేయించుకుంటున్నారు’ అన్నాడు. కొన్నాళ్లు బాగానే ఉంది. ఇప్పుడు ఇంజిన్ లైటు ఆరడం లేదు, తక్కువ వేగంలో బండి కుదుపుతోంది. దానికితోడు వానలకు మీటరు అద్దం లోపల నీరు చేరింది. సర్వీసు సెంటర్‌లో చూపిస్తే, సెన్సర్ తీశారు కాబట్టి బండి మొత్తానికీ వారంటీ పోయిందన్నారు. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు వచ్చే నెలలో ముగుస్తుంది. సెన్సర్ తీయడం నేరమా? వారంటీ నిజంగా పోయినట్టేనా? మెకానిక్ మీద కేసు వేయవచ్చా?

జవాబు: విప్పిన సెన్సర్ మీ ఇంట్లో ఉందా, మెకానిక్ షెడ్డులోనే వదిలేశారా? ముందు అది తేల్చుకోండి. ఉంటే జాగ్రత్తగా దాచండి. దాని అవసరం ముందు ముందు ఉంది.

అది వేలెడంత వస్తువు. పొగగొట్టంలోకి ఒక కొన దూర్చుకుని, ఇంజిన్‌లో కాలగా మిగిలిన ఆక్సిజన్ ఎంత ఉందో చూసి బండిలోని కంప్యూటర్‌కు కబురు పంపుతూ ఉంటుంది. ఒక వంతు పెట్రోలు సరిగ్గా కాలడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి. కంప్యూటర్ ఆ కబురును బట్టే ఇంజెక్టర్ నుంచి పడే పెట్రోలును క్షణక్షణం సరిచేస్తుంది. కబురు ఆగిపోతే లోపల ముందే రాసిపెట్టిన అంచనా లెక్కతో నడిపిస్తుంది. మీ మెకానిక్ తగిలించిన ప్లగ్గు చేసే పని, సెన్సర్ ఉన్నట్టే కంప్యూటర్‌ను నమ్మించడం. మీ బండి విషయంలో అది ఎక్కువ రోజులు నమ్మలేదు, లైటు వేసింది.

ఇక నేరమా అన్న ప్రశ్న. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి సెక్షన్ 182ఎ చేర్చారు. అందులోని నాలుగో ఉపసెక్షన్ మీలాంటి యజమానుల కోసమే: అనుమతి లేని మార్పు చేయిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాటను రెండుసార్లు చదవండి. సైలెన్సర్ ఒక మార్పు, సెన్సర్ మరో మార్పు అని ఎవరైనా లెక్క కట్టవచ్చు.

మీ తరఫున నిలబడితే నేను దీనికి ఎదురు చెప్పగలను. సెక్షన్ 52 కింద ఇచ్చిన వివరణలో, మార్పు అంటే వాహనం నిర్మాణాన్ని మార్చి దాని మౌలిక లక్షణాన్నే మార్చేది అని ఉంది. వేలెడంత సెన్సర్ నిర్మాణమా? బండి రంగు, ఇంజిన్ నంబరు, సీసీ ఏదీ మారలేదు కదా? కోర్టులో వినసొంపుగానే ఉంటుంది. కానీ అవతలి లాయరు మీ ఆర్‌సీ కార్డు చేతికి తీసుకుని, అందులో ఉద్గార ప్రమాణం బీఎస్-6 అని ఉన్న గడి చూపిస్తాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన ఆ ప్రమాణానికి తగ్గట్టుగా బండిని తయారు చేసిన పద్ధతిలో ఈ సెన్సర్ భాగం. అది లేని బండి బీఎస్-6 బండి ఎలా అవుతుంది అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు.

అయినా మీరు ఎక్కువగా భయపడవలసింది సెక్షన్ 52కు కాదు, 190(2)కు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించే బండిని రోడ్డు మీద నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. వాటితో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రోజూ బండి మీద ఉద్యోగానికి వెళ్లే మనిషికి జరిమానాకన్నా ఈ చివరిదే బాధ. పైగా ఇక్కడ ‘నిర్మాణం’, ‘మౌలిక లక్షణం’ అన్న వాదనలకు తావు లేదు. పరీక్షలో పొగ ఎక్కువని తేలితే చాలు. పోలీసులు ఆపేది మాత్రం సైలెన్సర్ మోత విని. సెన్సర్ సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్‌కు శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. మార్కెట్ సైలెన్సర్ ఆ గీత దాటలేదని మీరు గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

పొల్యూషన్ సర్టిఫికెట్ విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉంది. పెట్రోలు బంకు పక్కన నిలిపిన వ్యానులో గొట్టం దూర్చి, బండి నిలకడగా ఆడుతుండగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎంత ఉన్నాయో చూస్తారు. ఆ కొద్ది నిమిషాల్లో అంకెలు హద్దులోపల ఉంటే కాగితం ఇస్తారు. బండికి సెన్సర్ ఉందా లేదా అన్నది ఆ కాగితం చెప్పదు, మీ మార్పుకు అది అనుమతి పత్రమూ కాదు. మీ బండి ఇప్పుడున్న స్థితిలో పరీక్షలో తప్పే అవకాశమే ఎక్కువ. బీఎస్-6 బండికి సర్టిఫికెట్ ఏడాది పాటు చెల్లుతుంది. కాబట్టి గడువు ముగిసేలోగా సెన్సర్‌ను తిరిగి పెట్టించి, ఆ తర్వాతే వ్యాను దగ్గరికి వెళ్లండి.

వారంటీ దగ్గర మాత్రం సర్వీసు సెంటర్ మాటను యథాతథంగా ఒప్పుకోకండి. వారంటీ పుస్తకం తెరిచి మినహాయింపుల పేజీ నిదానంగా చదవండి. మినహాయింపును అడ్డం పెట్టుకునే కంపెనీయే అది ఈ లోపానికి ఎలా వర్తిస్తుందో చూపించాలన్నది వినియోగదారుల కేసుల్లో మనం నిలబడే చోటు. బండి కుదుపు, ఇంజిన్ లైటు, స్పార్క్ ప్లగ్గుకు పట్టిన మసి, వీటి మీద ఆశ వదులుకోండి. అవి మీరు కొని తెచ్చుకున్నవి. కానీ మీటరు అద్దంలోకి వాన నీరు చేరడానికీ, పొగగొట్టంలో సెన్సర్ లేకపోవడానికీ ఏం సంబంధం? వైరింగ్ ముట్టుకున్నారు కాబట్టి అని సాకు చెబుతారు. ముట్టుకున్న వైరు ఇంజిన్ దగ్గర ఉంది, నీరు చేరింది హ్యాండిల్ దగ్గర. మీటరును ఎవరూ విప్పలేదని దాని మరలే చెబుతాయి. దగ్గరగా ఫోటోలు తీసి పెట్టుకోండి.

నోటిమాటతో తిరస్కరిస్తే ఊరుకోవద్దు. ఏ లోపానికి, ఏ నిబంధన కింద వారంటీ ఇవ్వడం లేదో జాబ్ కార్డు మీద రాసి ఇమ్మనండి. రాయకపోతే అదే ప్రశ్న ఈమెయిల్ చేయండి. ‘మొత్తానికీ పోయింది’ అని నోటితో అన్నంత తేలిగ్గా కాగితం మీద రాయరు, నా అనుభవం అది. రాసి ఇస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు, దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు.

సెన్సర్ బిగించేసి, ఏమీ ఎరగనట్టు మరో సర్వీసు సెంటర్‌కు వెళితే పోతుంది కదా అని మీకు తోచే ఉంటుంది. వద్దు. బండిలోని కంప్యూటర్ లోపాల కోడ్‌లను దాచుకుంటుంది, మొదటి సెంటర్‌లో మీ బండి పేరిట రికార్డు కూడా ఉండి ఉంటుంది. మీటరు విషయంలో న్యాయం మీ వైపు ఉంది. ఒక అబద్ధంతో దాన్ని కూడా పోగొట్టుకోకండి.

మెకానిక్ సంగతి. డబ్బు తీసుకుని పని చేశాడు కాబట్టి సేవాలోపం కింద ఫిర్యాదు చేయడానికి చట్టం అడ్డురాదు. కానీ కమిషన్ మిమ్మల్ని అడిగే మొదటి మాట, ‘ఆ సైలెన్సర్ ఎవరు కొన్నారు?’ అని. ‘ఏమీ కాదన్నా’ అన్నది వాట్సాప్‌లో ఉందా? బిల్లు ఉందా? చీటీ మీద రాసిచ్చిన అంకె తప్ప మరేమీ లేకపోతే ఆ కేసు మీద పెట్టే పొద్దుకు కొత్త సెన్సర్ ఖరీదు కూడా రాదు. ఒకసారి వెళ్లి, పాత సెన్సర్ ఇచ్చి, కూలీ తీసుకోకుండా తిరిగి బిగించమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

బీమా గురించి మీరు అడగలేదు గానీ ఒక్క ముక్క. మీ బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే, సెన్సర్ లేదన్న సాకుతో బీమా కంపెనీ ఆ బాధితులకు పరిహారం ఎగ్గొట్టజాలదు. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 150 అనుమతించిన కొద్దిపాటి అభ్యంతరాల్లో అది లేదు. మీ సొంత బండి నష్టం అడిగినప్పుడు మాత్రం, చెప్పకుండా మార్పులు చేయించారని పేచీ పెడతారు.

ఇంతకీ కంపెనీ ఇచ్చిన పాత సైలెన్సర్ ఏమైంది? సెన్సర్ పెట్టే చోటు ఉన్నది దానికే, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్ ఉన్నదీ అందులోనే. ఆ కన్వర్టర్ పూతలో ప్లాటినం జాతి లోహాలు ఉంటాయి కాబట్టి పాతసామాను వాళ్లు దాన్ని సంతోషంగా కొంటారు. మేడమీద ఎక్కడో పడి ఉంటే ఈ ఆదివారమే దించండి. అమ్మేసి ఉంటే కొత్తదాని ధర కనుక్కుని, ఆ తర్వాతే కేసుల గురించి మాట్లాడుకుందాం.